రోడ్డు తవ్వి పెట్టినా టోల్ ఎందుకు కట్టాలి? కారవాన్‌లో ఇచ్ఛాపురం దాటేవాళ్ల కోసం ఒక లెక్క

బరంపురం నుంచి విశాఖ వైపు బయల్దేరితే గిరిసోల దగ్గర ఒడిశా అయిపోతుంది, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్ర మొదలవుతుంది. తారు మారదు, లేన్లు మారవు, బోర్డుల మీద లిపి ఒక్కటే మారుతుంది. కాసేపట్లో బెల్లుపడ టోల్ గేటు వస్తుంది. ఈ దారిలో తరచూ తిరిగే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లు నలుగురు కలిస్తే టోల్ గురించి ఒక్కసారైనా గొడవ వస్తుంది. డైవర్షన్‌లో దుమ్ము తింటూ పోయినా డబ్బు ఎందుకు కోశారు? అరవై కిలోమీటర్లకు ఒక్క గేటే ఉండాలి కదా? మూడు వేల పాస్ తీసుకుంటే అన్ని చోట్లా ఫ్రీయేనా?

ఇప్పుడు దీనికి ఇంకో ప్రశ్న తోడైంది. పడక, వంటగది, బాత్రూం అన్నీ బండిలోనే ఉండే కారవాన్లు మన రోడ్ల మీదా కనిపిస్తున్నాయి. కొందరు సొంతంగా చేయించుకుంటున్నారు, కొందరు అద్దెకు తీసుకుంటున్నారు. గేటు దగ్గర దాన్ని కారు అనాలా, బస్సు అనాలా? తేడా చిన్నది కాదు, మూడు రెట్లకు పైగా ఉంటుంది.

టోల్ లెక్కలో ఏముంటుంది, ఏముండదు

జాతీయ రహదారుల మీద వసూలు చేసే రుసుముకు ఆధారం 2008లో వచ్చిన ఫీజు నియమాలు. అందులో ముఖ్యంగా చూసేవి అయిదు: రోడ్డు పొడవు, ఎన్ని లేన్లు, ఆ పొడవులో వంతెనలు, సొరంగాల వాటా, బండి క్లాసు, ఏ ఏడాది అన్నది. గుంతలు ఎన్ని, ఎంతసేపు ఆగాం, సర్వీసు రోడ్డు మీద పోయామా అన్నవి ఈ సూత్రంలో లేవు. మన కోపమంతా సూత్రంలో లేని అంశం గురించే కాబట్టి గేటు దగ్గర కుర్రాడితో ఎంత వాదించినా లాభం ఉండదు. అతని చేతిలో ఉన్న మిషన్‌కు గుంతల సంగతి తెలియదు.

2007-08 మూల రేట్లు కిలోమీటరుకు ఇలా ఉన్నాయి. కారు, జీపు, వ్యాను 65 పైసలు. మినీబస్సు, తేలికపాటి వాణిజ్య వాహనం రూ.1.05. బస్సు, రెండు ఇరుసుల లారీ రూ.2.20. ఇవి నాలుగు లేన్లు, అంతకంటే ఎక్కువ లేన్ల రోడ్లకు. రెండు లేన్లే ఉండి, పక్కన తారు వేసిన అంచు, అంటే పేవ్డ్ షోల్డర్ ఉంటే అందులో 60 శాతం.

ఏటా ఏప్రిల్ 1న రేటు రెండు రకాలుగా పెరుగుతుంది. మొదటిది మూల రేటు మీద ఏడాదికి 3 శాతం. ఇది చక్రవడ్డీ కాదు, బారువడ్డీ. కారుకైతే ఏటా దాదాపు రెండు పైసలు కలుస్తూ 2025 ఏప్రిల్ నాటికి 65 పైసలు ఒక రూపాయి అయింది. ఆపైన 2007 జనవరి నుంచి టోకు ధరల సూచీ ఎంత పెరిగిందో చూసి, అందులో 40 శాతాన్ని కలుపుతారు. వచ్చిన మొత్తాన్ని దగ్గరి అయిదు రూపాయలకు సవరిస్తారు. కొన్ని గేట్ల దగ్గర ఒక ఏడాది రేటు కదలకుండా ఉండి, మరుసటి ఏడాది ఒక్కసారిగా అయిదు రూపాయలు ఎగరడానికి కారణం ఈ సవరణే.

వంతెనల సంగతి చాలామందికి తెలియదు. పెద్ద వంతెన, ఫ్లైఓవర్, సొరంగం లాంటి కట్టడం ఉంటే దాని పొడవును పది రెట్లుగా లెక్కిస్తారు. 60 కిలోమీటర్ల రోడ్డులో 2 కిలోమీటర్ల మేర వంతెనలు ఉన్నాయనుకుందాం. మిగిలిన 58కి ఈ 2 పదింతలై 20గా కలిసి, లెక్కలో 78 కిలోమీటర్లు అవుతుంది. మూల రేటులో కారుకు వంతెనలు లేకపోతే 39 రూపాయలు, ఉంటే రూ.50.70. సవరించాక ఒకటి రూ.40, ఇంకొకటి రూ.50. రెండు గేట్ల మధ్య దూరం ఒకటే అయినా రేట్లు వేరుగా ఉండటంలో దీని వాటా పెద్దది.

కారవాన్‌ను గేటు ఏమని పిలుస్తుంది

ఫీజు నియమాల్లో కారవాన్ అనే క్లాసే లేదు. కారు, జీపు, వ్యాను క్లాసుకు నిర్వచనం బరువు, సీట్ల మీద ఉంది: లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటకూడదు, లేదా డ్రైవర్ కాకుండా సీట్లు పన్నెండు దాటకూడదు. పన్నెండు దాటితే మినీబస్సు వైపు పోతుంది.

ఇక్కడే చిక్కు. మన దగ్గర కారవాన్లు ఎక్కువగా ట్రావెలర్ లాంటి పొడవాటి వ్యాన్ల మీద తయారవుతాయి. సీట్లు తీసేసి పడకలు వేస్తారు కాబట్టి సీట్ల సంఖ్య నాలుగో ఆరో ఉంటుంది. నిర్వచనం ప్రకారం కారు క్లాసులో పడటానికి వీలుంది. కానీ బండి ఆర్‌సీలో మార్పు నమోదు కాకుండా పాత పదిహేడు సీట్లే ఉంటే ఫాస్టాగ్ మినీబస్సు క్లాసులోనే వస్తుంది. లేన్‌లో పెట్టిన సెన్సార్లు చూసేది కాగితాన్ని కాదు, ఇరుసులను, ఆకారాన్ని. ట్యాగ్ ఒక క్లాసు చెప్పి, ఆకారం ఇంకో క్లాసులా కనిపిస్తే వాదన మొదలవుతుంది. కారు వెనక తగిలించి లాగే ట్రైలర్ అయితే ఇరుసుల సంఖ్యే పెరుగుతుంది.

60 కిలోమీటర్ల దూరానికి మూల రేటులోనే చూడండి: కారైతే రూ.39, మినీబస్సైతే రూ.63, బస్సైతే రూ.132. బరంపురం నుంచి కన్యాకుమారి దాకా పోయి వచ్చే బండికి ఈ తేడా వేలల్లోకి పోతుంది.

క్లాసుతో పాటు బోర్డు రంగు కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం కింద కేంద్రం ఇచ్చిన వర్గీకరణలో సొంత వాడకం కోసం ఉండే క్యాంపర్ వ్యాన్, ట్రైలర్ రవాణాయేతర వాహనాల్లో ఉన్నాయి, అంటే వైట్ బోర్డు. అద్దెకు తిప్పేదైతే ఎల్లో బోర్డు. దానికి రాష్ట్రం దాటడానికి పర్మిట్ కావాలి, పన్నుల లెక్క వేరు. టోల్ గేటు దగ్గర కట్టేది రోడ్డు రుసుము, చెక్‌పోస్టు దగ్గర అడిగేది రాష్ట్ర పన్ను. రెండూ ఒకటే అనుకుని "టోల్ కట్టాం కదా" అనేవాళ్లు సరిహద్దులో చాలామంది కనిపిస్తారు.

తవ్విన రోడ్డు, మామూలు టోల్

"పని జరుగుతోంది" అనే మాట కింద మూడు రకాల రోడ్లు ఉంటాయి. వాటి మీద టోల్ నియమాలూ మూడు రకాలు.

మొదటిది కొత్త రోడ్డు. అది పూర్తయిందని సర్టిఫికెట్ వచ్చాకే వసూలు. అయితే 'పూర్తి' అనే మాటకు కాంట్రాక్టు భాషలో కాస్త వదులు ఉంది. వాహనాలు సురక్షితంగా తిరగగలిగే స్థితికి వస్తే తాత్కాలిక పూర్తి సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. మిగిలిన చిన్నాచితకా పనులను పంచ్ లిస్ట్ అనే పట్టికలో రాసి, గడువు పెట్టి చేయిస్తారు. గేటు తెరుచుకున్న రోడ్డు పక్కన ఇంకా కంకర కుప్పలు కనిపించేది ఇందుకే. పంచ్ లిస్టులో మిగిలింది పచ్చగడ్డి నాటడమైతే ఎవరూ పట్టించుకోరు. ఒక ఊరి దగ్గర సర్వీసు రోడ్డే మిగిలిపోతే ఆ ఊరివాళ్లకు అదే అసలు రోడ్డు.

రెండోది ఉన్న రోడ్డును వెడల్పు చేయడం. నాలుగు లేన్లను ఆరు, ఎనిమిది చేస్తున్నప్పుడు 75 శాతం మాత్రమే తీసుకునే వెసులుబాటు నియమాల్లో ఉంది. పేవ్డ్ షోల్డర్ ఉన్న రెండు లేన్ల రోడ్డును నాలుగు లేన్లు చేస్తుంటే పని మొదలైనప్పటి నుంచి పూర్తయ్యేదాకా మామూలు రుసుములో 30 శాతమే వసూలు చేయాలని ఈమధ్యే నియమం మార్చారు. రెండింటికీ తేడా ఎందుకంటే, నాలుగు లేన్ల రోడ్డులో ఒక వైపు తవ్వినా బండ్లు పోవడానికి కొంత చోటు మిగులుతుంది. రెండు లేన్లలో ఒకటి తవ్వితే ఎదురెదురు బండ్లకు మిగిలేది ఒక్కటే.

మూడోది అండర్‌పాస్, ఫ్లైఓవర్ పనులు. గొడవంతా ఎక్కువగా వీటి దగ్గరే. రోడ్డు ఎప్పుడో పూర్తయింది, టోల్ ఏళ్లుగా నడుస్తోంది. ప్రమాదాలు ఎక్కువ జరిగే ఒక కూడలిలో కొత్తగా అండర్‌పాస్ కట్టడం మొదలుపెడతారు. ట్రాఫిక్ అంతా ఇరుకు సర్వీసు రోడ్డు మీదికి దిగుతుంది. అరవై కిలోమీటర్ల రోడ్డులో చెడ్డది రెండు కిలోమీటర్లే, కానీ ప్రయాణ సమయం అంతా అక్కడే పోతుంది. లెక్క ప్రకారం 58 కిలోమీటర్లు బాగున్నాయి కాబట్టి టోల్ పూర్తిగా తీసుకుంటారు.

కేరళలో పలియెక్కర టోల్ ప్లాజా కేసు ఈ విషయం మీదే నడిచింది. ఎడపల్లి నుంచి మన్నుత్తి దాకా సుమారు 65 కిలోమీటర్ల జాతీయ రహదారిలో అండర్‌పాస్ పనుల వల్ల గంటల తరబడి ట్రాఫిక్ ఆగిపోయేది. 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు అక్కడ టోల్ వసూలు నిలిపేసింది. జాతీయ రహదారుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దీ కొన్ని చోట్లకే పరిమితమని వాదించింది. ఆ చిన్న చోట్లే మొత్తం ప్రయాణాన్ని ఆపేస్తుంటే జనం ఎందుకు కట్టాలన్నది కోర్టు వేసిన ఎదురు ప్రశ్న. అప్పీలు కొట్టేసింది. తర్వాత అక్టోబరులో, పరిస్థితి కొంత మెరుగయ్యాక, హైకోర్టే మళ్లీ వసూలుకు అనుమతించింది.

ఇందులో రెండు వైపులా బలమైన వాదనలే ఉన్నాయి. వసూలుదారుల వైపు నుంచి చూస్తే టోల్ అనేది ఆ రోజు ప్రయాణానికి టికెట్ కాదు, ఎప్పుడో పెట్టిన పెట్టుబడికి వాయిదా. ప్రైవేటు కంపెనీ బ్యాంకు అప్పు తెచ్చి కట్టిన రోడ్డయితే టోల్ ఆగినా వడ్డీ ఆగదు. అండర్‌పాస్ కట్టమని చెప్పింది ప్రభుత్వం, కట్టేది ఇంకో కాంట్రాక్టరు, నష్టం మాత్రం టోల్ కంపెనీకా అని వాళ్లు అడుగుతారు. చివరికి ఆ నష్టపరిహారం ప్రభుత్వ ఖజానా నుంచే, అంటే మన జేబులోంచే పోతుంది.

జనం వైపు నుంచి చూస్తే, జాతీయ రహదారి మీద పోవడం ఒక సేవకు డబ్బు కట్టడం. సేవ లేనప్పుడు డబ్బు అడగడం న్యాయం కాదు. మిగతా ఏ వ్యాపారంలోనూ ఇది చెల్లదు. నాకు ఈ వాదనే ఎక్కువ నచ్చుతుంది. అయితే దీన్ని అమలు చేయడానికి కొలత కావాలి: ఎన్ని నిమిషాల ఆలస్యానికి ఎంత తగ్గింపు? ఆ కొలత నియమాల్లో లేదు. అది వచ్చేదాకా ప్రతి గేటుకూ ఒకరు హైకోర్టు మెట్లెక్కాలి.

గేటు దగ్గర నిజంగా అక్కరకొచ్చే హక్కు ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. మీ ఫాస్టాగ్ పనిచేస్తోంది, బ్యాలెన్స్ ఉంది, కానీ గేటు వాళ్ల మిషన్ చదవలేకపోయింది అంటే రుసుము లేకుండా పంపాలి, సున్నా రసీదు ఇవ్వాలి. తప్పు ట్యాగ్‌ది అయితే ఇది వర్తించదు. ట్యాగ్ లేకుండా గానీ, చెల్లని ట్యాగ్‌తో గానీ వస్తే 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం యూపీఐలో ఒకటింపావు రెట్లు, నగదు అయితే అప్పట్లో రెండు రెట్లు. రోడ్డు మీద ఏ ఇబ్బందికైనా హెల్ప్‌లైన్ నంబరు 1033.

అరవై కిలోమీటర్ల మాట

ఒకే రహదారి సెక్షన్‌లో, ఒకే దిశలో రెండు గేట్ల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలని నియమం ఉన్నది నిజమే. అందులో మెలిక 'ఒకే సెక్షన్' అన్న మాటలో ఉంది. సెక్షన్ అంటే ప్రాజెక్టు. ఇచ్ఛాపురానికి ఇటు ఒక ప్రాజెక్టు, అటు ఇంకొకటి అయినప్పుడు రెండు గేట్లు దగ్గర దగ్గరగా వచ్చినా నియమం తప్పినట్టు కాదు. వంతెన, బైపాస్, సొరంగం కోసం విడిగా పెట్టే గేట్లకు కూడా మినహాయింపు ఉంది. కారణాలు రాసి తక్కువ దూరంలో పెట్టే అధికారమూ ఉంది. ఇన్ని మినహాయింపులు పోగా మిగిలే నియమం ఏపాటిదో మీరే చూసుకోండి.

పాస్‌లు: సరిహద్దు ఎక్కడ అడ్డొస్తుంది, ఎక్కడ రాదు

2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ ధర మొదట్లో మూడు వేల రూపాయలు. ఏడాది గానీ, 200 సార్లు గేటు దాటడం గానీ, ఏది ముందైతే అంతవరకు. సొంత వాడకంలో ఉన్న కారు, జీపు, వ్యానుకే. ఎల్లో బోర్డు కారవాన్‌కు రాదు, మినీబస్సు క్లాసులో ట్యాగ్ ఉన్నదానికీ రాదు. మామూలు గేటు దాటిన ప్రతిసారీ ఒకటి లెక్క, పోయి వస్తే రెండు.

ఆ మూడు వేల ధరకే చూసి, గేటుకు సగటున 90 రూపాయలు అనుకుంటే 34వ గేటుకు పాస్ డబ్బు తీరిపోతుంది. ఏడాదిలో రెండు మూడు పెద్ద ప్రయాణాలు చేసే కుటుంబానికి లాభమే. బరంపురం నుంచి గోపాల్‌పూర్, తప్తపాణి తిరిగొచ్చేవాళ్లకు అవసరమే లేదు.

అయితే ఈ పాస్ జాతీయ రహదారులకే. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు, నాగ్‌పూర్–ముంబై సమృద్ధి మహామార్గ్ మీదా చెల్లదు. అవి రాష్ట్రాల రోడ్లు. అక్కడ ట్యాగ్‌లోని మామూలు బ్యాలెన్స్ తెగుతుంది. "పాస్ ఉంది కదా" అని బ్యాలెన్స్ వేయకుండా పోయినవాళ్లకు టెన్షన్ అక్కడే మొదలు.

ఇక స్థానికుల పాస్. గేటుకు 20 కిలోమీటర్ల లోపు నివాసం ఉండి, వాణిజ్యేతర బండి ఉంటే నెలకు ఒక మొత్తం కట్టి తిరగొచ్చు. 2007-08లో అది 150 రూపాయలు, ఏటా పెరుగుతోంది. ఈ నియమం చూసేది నివాసం ఎంత దూరమన్నదే, ఏ రాష్ట్రమన్నది కాదు. అందువల్ల బెల్లుపడ గేటుకు ఆ దూరంలో ఇల్లుంటే అది ఒడిశా వైపున్నా అడిగే హక్కుంది. వేరే దారి గానీ, సర్వీసు రోడ్డు గానీ అందుబాటులో ఉంటే మాత్రం ఇవ్వరు.

వాణిజ్య వాహనాలకు ఉన్న రాయితీలో సరిహద్దు గట్టిగా అడ్డొస్తుంది. నేషనల్ పర్మిట్ లేని స్థానిక వాణిజ్య బండి, గేటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలోనే రిజిస్టర్ అయి ఉంటే సగం రుసుమే. బెల్లుపడ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. గేటుకు కూతవేటు దూరంలో ఉన్న ఒడిశా ఊరి ట్యాక్సీ మీద ఓడీ-07 నంబరు ఉంటుంది కాబట్టి దానికి ఆ సగం రాదు. అదే బండికి గంజాం జిల్లాలోని గేటు దగ్గర వస్తుంది. ఒకే వీధిలో ఉన్న రెండు బండ్లకు రెండు రేట్లు పడటానికి కారణం ఇది.

శాటిలైట్ టోల్, అంటే తిరిగిన దూరాన్ని ఉపగ్రహంతో కొలిచి తీసుకునే రుసుము గురించి తిరుగుతున్న "మొదటి 20 కిలోమీటర్లు ఉచితం" అన్న మాట వేరే సంగతి. అది 2024 సెప్టెంబరు సవరణలో ఉపగ్రహ పరికరం అమర్చిన బండ్ల కోసం రాసిన నియమం. ఫాస్టాగ్ బండ్లకు వర్తించదు.

టోల్ లేని ఘాట్ రోడ్డు చవకా?

కోరాపుట్, జయపురం వైపు పోయేవాళ్లకు సాలూరు ఘాట్ ఉంది, రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా ఎక్కే దారి ఉంది. పెద్ద రహదారి మీద గేట్లు తప్పించుకోవడానికి కొండదారి పడదామా అన్న ఆలోచన సహజమే.

బరువైన కారవాన్ చదును రోడ్డు మీద లీటరుకు 12 కిలోమీటర్లు, ఘాట్‌లో 7 ఇస్తుందనుకుందాం. 60 కిలోమీటర్ల ఘాట్‌కు అయిదు లీటర్ల బదులు ఎనిమిదిన్నర లీటర్లు పడుతుంది. డీజిల్ లీటరు 95 రూపాయలు అనుకుంటే అదనంగా దాదాపు 340 రూపాయలు. కారు క్లాసు టోల్‌లో ఇది నాలుగు గేట్ల డబ్బు. బ్రేకులు, క్లచ్ అరుగుదల దీనికి అదనం. పైన ట్యాంకు, ఏసీ, సామాను పెట్టుకున్న ఎత్తైన బండి మలుపుల్లో ఊగుతుంది, వేగం కారులా ఉండదు. సరుకు లారీల వెనక ఇరుక్కుంటే ఇంకా నెమ్మది. కాబట్టి డబ్బు కోసం ఘాట్ ఎక్కడంలో అర్థం లేదు. పొట్టంగి కొండల కోసం ఎక్కితే అది వేరే లెక్క.

వానాకాలంలో ఆ లెక్కా మారుతుంది. మన వైపు వానాకాలం అంటే అక్టోబరు దాకా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ఊపేసింది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కూడా అక్టోబరులోనే. దసరా సెలవులకు, కొండచరియలు జారే రోజులకు మధ్య ఇక్కడ పెద్ద దూరం లేదు.

రాయ్‌పూర్–విశాఖ కారిడార్ వస్తే ఏం మారుతుంది

ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర మీదుగా 464 కిలోమీటర్ల ఆరు లేన్ల కొత్త రహదారిని కడుతున్నారు. ఇందులో ఎక్కువ భాగం ఒడిశాదే, నవరంగపూర్, కోరాపుట్ జిల్లాల గుండా వెళ్తుంది. ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగే రోడ్డు కాదు, నిర్ణీత ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గరే ప్రవేశం. ఇలాంటి రోడ్ల మీద దారి మధ్యలో గేటు ఉండదు. ఎక్కినచోట నమోదు చేసి, దిగినచోట తిరిగినంత దూరానికే తీసుకుంటారు. వార్షిక పాస్‌లో కూడా ఎక్కడం, దిగడం కలిపి ఒక్కటే ట్రిప్పు.

అయితే కొండల్లో వేసే రోడ్డుకు సొరంగాలు, ఎత్తైన వంతెనలు తప్పవు. పైన చెప్పిన పదింతల లెక్క అక్కడ బరువవుతుంది. 2025 జులైలో కేంద్రం దీనికి ఒక పరిమితి పెట్టింది: కట్టడం పొడవుకు పది రెట్లు వేసి మిగతా రోడ్డును కలిపితే వచ్చేది ఒకటి, మొత్తం సెక్షన్ పొడవుకు అయిదు రెట్లు ఇంకొకటి. రెండింటిలో ఏది తక్కువైతే అదే.

10 కిలోమీటర్ల ముక్కలో 8 కిలోమీటర్లు సొరంగాలు, వంతెనలే అనుకోండి. పాత లెక్కలో 82 కిలోమీటర్ల టోల్, కొత్త లెక్కలో 50. 30 కిలోమీటర్ల ముక్కలో 6 కిలోమీటర్లే కట్టడాలైతే పది రెట్ల లెక్కలో 84, అయిదు రెట్ల లెక్కలో 150. తక్కువైనది 84 కాబట్టి అక్కడ కొత్త నియమంతో ఒక్క రూపాయి కూడా తగ్గదు. కట్టడాలు సెక్షన్ పొడవులో దాదాపు 45 శాతం దాటినప్పుడే ఈ పరిమితి పనికొస్తుంది. కొండదారిలో సెక్షన్లను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తారన్న దాన్ని బట్టి జయపురం నుంచి విశాఖకు వచ్చే కారవాన్ కట్టే మొత్తం మారుతుంది.